ఎర్ర గుడ్డ ఎవరు విప్పాలి

మా ల్యాబ్ ఈ బెంగాల్ రైల్వే ఊళ్ళో, ఖరిదా బజారులో మందుల దుకాణం పైన ఉంది. మెట్లెక్కగానే బెంచీలు, తరవాత నా బల్ల, లోపల మిషన్ల గది. డాక్టర్‌బాబు సాయంత్రం వచ్చి రిపోర్టులు చూసి సంతకాలు పెడతారు. పగలంతా ఉండేది ముగ్గురమే. మిషన్లు నడిపే టెక్నీషియన్ బెంగాలీ ఆయన. నాకంటే చిన్నవాడైనా దాదా, అంటే అన్నా, అనే పిలుస్తాం. రక్తం తీసేది నేను. గదులు తుడిచి, గాజు సామాను కడిగేది వదిన. వదినంటే చుట్టరికం కాదు. వాళ్ళ తాతా మా తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రోజుల్లో ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చారట. పక్కపక్క క్వార్టర్లలో పెరిగాం. ఆ వరసన ఆమె నాకు వదిన.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. సూది వెయ్యడం, నరం పట్టుకోవడం ఒక పాత నర్సు దగ్గర నేర్చుకున్నాను. మిగతాదంతా లైబ్రరీలో నేర్చుకున్నాను. ఈ మాట కాస్త గర్వంగానే రాస్తున్నాను. మన తెలుగువాళ్ళ సంఘం గదిలో రెండు బీరువాల పుస్తకాలున్నాయి, అవన్నీ పెళ్ళికి ముందే అయిపోయాయి. తరవాత రైల్వే వాళ్ళ లైబ్రరీ. అక్కడ ఎక్కువ ఇంగ్లీషువే. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని చదివాను. పరీక్షల గైడ్ల వెనక, ఎవరో రిటైరై వెళ్తూ ఇచ్చిన సామానులో, ల్యాబుల్లో ప్రమాదాల గురించిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. ఒక వానాకాలమంతా దానితోనే గడిపాను. మా ల్యాబులో ఆ పుస్తకం చదివింది నేనొక్కదాన్నేనని నా లోపల ఒక సంతోషం ఉండేది. డాక్టర్‌బాబు కూడా చదవలేదని నా నమ్మకం.

అందులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. కీడు చేసే గుణం వస్తువులో ఉంటుంది, ఆ కీడు మనదాకా వచ్చే అవకాశం వేరే లెక్క, రెండిటినీ కలిపెయ్యకూడదు అని. వదినకి వెంటనే చెప్పాను.

"చూడు వదినా, యాసిడ్ సీసా ఉందనుకో. అది ఎప్పుడూ యాసిడ్డే. కానీ అలమారలో పెట్టి తలుపు వేశామనుకో, మన మీద పడే అవకాశం తక్కువ."

"అలమార తలుపు ఊడిపోయి నెల్లాయి కదే," అంది వదిన. "ముందు దాని సంగతి సూడు. తరవాత లెక్కలు సెబుదువుగాని."

తలుపు బాగు చేయించాను. అలా ఒక్కొక్కటీ బాగుచేస్తూ వచ్చాను. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకుండా డబ్బాలో వెయ్యడం, మిషన్ల గదిలో టీ తాగకపోవడం, గాజు పగిలితే చేత్తో కాకుండా పట్టకారుతో తియ్యడం. పాడైన మిషను మీద గుర్తు పెట్టాలని కూడా పుస్తకంలో ఉంది. ఏ గుర్తు అనేదే సమస్య. ఇంగ్లీషు కాగితం అంటిస్తే వదినకి తెలియదు. బెంగాలీలో రాస్తే నాకే సగం తెలియదు. తెలుగులో రాస్తే దాదాకి తెలియదు.

అప్పుడు నాన్న గుర్తొచ్చారు. ఆయన వర్క్‌షాపులో వ్యాగన్ల కింద దూరి పని చేసినవారు. చిన్నప్పుడు ఆయన చెప్పేవారు, వ్యాగన్ కింద మనిషి దూరితే బండికి ఎర్ర జెండా కట్టి దూరతాడు, ఆ జెండా కట్టినవాడే విప్పాలి, ఫోర్‌మన్ వచ్చినా ముట్టుకోకూడదు అని. ఇంతకంటే మంచి గుర్తు ఏముంటుంది అనిపించింది. ఎర్ర గుడ్డ కొని పేలికలుగా చించాను. ఏది పాడైనా దానికి పేలిక కడతాం, కట్టినవాళ్ళే విప్పాలి, గుడ్డ ఉందంటే ముట్టకూడదు, లేదంటే వాడుకోవచ్చు. ఇదీ మా రూలు.

దాదా నవ్వాడు. "దీదీ, ఇది ల్యాబా, లోకో షెడ్డా? రేపు నాకు పచ్చ జెండా ఊపుతావా?"

ఎగతాళి చేశాడు గాని పాటించాడు. కాలు విరిగిన కుర్చీకి కట్టాం. చల్లదనం తగ్గిన ఫ్రిజ్‌కి కట్టాం. ఒకసారి డాక్టర్‌బాబే వచ్చి కుర్చీ దగ్గర ఆగి, "ఎవరు కట్టారు?" అని అడిగి, నిలబడే సంతకాలు పెట్టారు. ఆ రోజు నాకు లైబ్రరీ మెట్లు ఎక్కుతున్నంత గొప్పగా అనిపించింది.

రక్తాన్ని గిరగిరా తిప్పి, ఎర్రటిది అడుక్కి, పసుపు నీరు పైకి వచ్చేలా చేసే మిషను ఒకటుంది. దాన్ని మేము తిప్పుడు మిషను అంటాం. భాద్రపదంలో దాని మూత బిగింపు వదులైంది. తిరుగుతుండగా మూత లేచిపోతే లోపలి గాజు గొట్టాలు పగిలే ప్రమాదం ఉంది. నేను ఎర్ర పేలిక కట్టాను. చిన్న పాత మిషను ఒకటి ఉంటే దానితో నెట్టుకొచ్చాం. విశ్వకర్మ పూజ సాయంత్రం వచ్చి చూస్తానని మెకానిక్ అన్నాడు. నేను ఉంటాలెండి అన్నాను.

ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ అంటే ఎంత పండగో బయటివాళ్ళకి తెలియకపోవచ్చు. వర్క్‌షాపులో మిషన్లన్నిటికీ బొట్లు, దండలు. సైకిల్ రిపేరు కొట్టు దగ్గర రెంచీలకి బొట్లు. టోటోలకి, అంటే బ్యాటరీ ఆటోలకి, పూలు. ఆకాశం నిండా గాలిపటాలు. రైల్వే మనుషుల ల్యాబు కాబట్టి మాకూ ఆ రోజు పూజే. దాదా బంతిపూల దండలు, పూజలకి వాడే సాలు అనే ఎర్ర నూలు గుడ్డ తెచ్చాడు. ప్రతి మిషనుకీ గుడ్డ కట్టి, సింధూరం పెట్టి, దండ వేశాడు. చిన్న పనిముట్లన్నీ పళ్ళెంలో సర్ది విశ్వకర్మ బొమ్మ ముందు పెట్టాం. కత్తెరలు, మైక్రోస్కోపు అద్దాలు, నా పట్టకారు. మిషన్లు ఆ రోజు తిరగవు, అది కట్టుబాటు. తిప్పుడు మిషనుకి నా పేలిక మీదే మరో ఎర్ర గుడ్డ పడింది, దాని మీద దండ పడింది. చూస్తూనే ఉన్నాను. బాగుందనే అనుకున్నాను. సాయంత్రం మెకానిక్ రాలేదు.

మర్నాడు పొద్దున్నే నేను క్వార్టర్లలో ముసలివాళ్ళ ఇళ్ళకి రక్తాలు తియ్యడానికి వెళ్ళాను. నేను లేనప్పుడు ల్యాబులో జరిగింది ఇది. వదిన ముందుగా వచ్చి నిమజ్జనానికి పూలూ గుడ్డలూ అన్నీ తీసి మూట కట్టింది. ఏ మిషను మీదా ఏమీ మిగల్లేదు. తరవాత దాదా వచ్చాడు. తిప్పుడు మిషను మీద ఎర్ర గుడ్డ లేదు. మెకానిక్ వచ్చి బాగుచేశాడు, దీదీ గుడ్డ విప్పింది అనుకున్నాడు. పూజ రోజు ఆగిపోయిన పని చాలా ఉంది. గొట్టాలు పెట్టి మిషను వేశాడు. మూత ఎగిరింది. ఒక గొట్టం పగిలింది.

నేను మెట్లెక్కేసరికి దాదా మిషను వైరు చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. వదిన కుళాయి దగ్గర బొటనవేలు పిండుతోంది. గ్లౌజు చిరిగి సింకులో పడుంది.

"ఏమైంది వదినా?"

"ఏటీ లేదు. గాజు పెంకు గుచ్చుకున్నాది. రకతం పిండీసినాను, పసుపు కూడా ఎట్టినాను."

"పిండకూడదు వదినా. సబ్బుతో కడుగు, ధారగా. పట్టకారు ఉంది కదా, చేత్తో ఎందుకు తీశావు?"

"పట్టకారు దేముడి కాడుంది. బొట్టెట్టిన దాంతో ఎవుడి రకతమో ముట్టుకుంటామేటి? తప్పు కాదూ?"

నేను వాదించడం మానేసి సబ్బు అందించాను. ఆ పళ్ళెంలో పట్టకారు పెట్టింది నేనే కాబట్టి కాదు. ఆమె మాట నిజంగా తప్పని నాకు అనిపించలేదు. బొట్టు పెట్టిన వస్తువుని ఆ మర్నాడే రక్తంలో ముంచమంటే నాకూ చెయ్యి రాదు.

డాక్టర్‌బాబుకి ఫోన్ చేశాం. ఆయన నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఆమెని ఇప్పుడే ప్రభుత్వ ఆస్పత్రికి పంపండి, ఒకవేళ అవసరమైతే వేసుకోవలసిన మాత్రలు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. పగిలిన గొట్టం ఎవరిదో కనుక్కోండి. ఆ మనిషిని అడిగి, ఒప్పుకుంటే మళ్ళీ రక్తం తీసి పరీక్ష చెయ్యాలి. బలవంతం చెయ్యొద్దు.

పగలని గొట్టాల మీద చీటీలు ఉన్నాయి. వాటిని పక్కన పెడితే మిగిలిన పేరు ఒక్కటే. జ్వరమని వచ్చిన విద్యార్థి, ప్రేమ్ బజార్‌లో గది. ఫోన్ చేస్తే స్విచాఫ్. దాదా వదినని టోటోలో ఎక్కించాడు. ఎక్కుతూ వదిన నన్ను పిలిచింది.

"మరదలా, ఒక మాట. పిల్లకి నీళ్ళు పోయొచ్చా?"

వదిన కూతురు పురిటికి వచ్చింది. పాప పుట్టి ఇంకా నెల కాలేదు. రోజూ సాయంత్రం వదినే కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్ళు పోస్తుంది. మా వీధిలో పసిపిల్లలకి నీళ్ళు పోయాలంటే వదిన చెయ్యే పడాలి.

"ముందు ఆస్పత్రికి వెళ్ళు," అన్నాను.

నేను ఆటోలో ప్రేమ్ బజార్ వెళ్ళాను. పెద్ద కాలేజీ గేటు బయట, జిరాక్సు కొట్ల వెనక సందులో మేడమీద గది. మెట్ల కింద సైకిళ్ళు అడ్డదిడ్డంగా ఉన్నాయి. తలుపు ఆ అబ్బాయే తీశాడు. దుప్పటి కప్పుకుని ఉన్నాడు. తెలంగాణ నుంచి వచ్చిన పిల్లవాడు, ఇంజనీరింగు మీద పై చదువు.

"రిపోర్టు తెచ్చిన్రా ఆంటీ? ఇంటిదాక రావుడెందుకు, నేనే వస్తుంటి గద."

దారంతా ఎలా చెప్పాలో అనుకుంటూనే వెళ్ళాను. అక్కడికి వెళ్ళాక మాటలు వరసగా రాలేదు. మీ గొట్టం పగిలింది, మా మనిషికి గుచ్చుకుంది, అందుకని మీ రక్తం మళ్ళీ కావాలి, వేరే పరీక్షలకి, మీరు ఒప్పుకుంటేనే. ఏ పరీక్షలో కూడా చెప్పాను, ఎయిడ్స్‌కి, కామెర్లకి. అతను మంచం మీద కూర్చున్నాడు.

"నాకేమన్న ఉన్నదని అనుమానమా మీకు?"

"లేదు బాబూ. ఎవరి రక్తమైనా అలాగే అనుకోవాలని రూలు."

"అందరికి అదే రూలైతే నన్నే ఎందుకడుగుతున్నరు?"

"నీ గొట్టమే పగిలింది కాబట్టి."

అతను దుప్పటి పక్కకి తీశాడు. "ఆమెకి బాగనే ఉందా ఆంటీ?" అన్నాడు. తరవాత చొక్కా చెయ్యి మడిచాడు. సూది వేస్తుంటే మళ్ళీ అడిగాడు. "నిజంగ ఏం లేదు గదా?"

పొద్దున ఒక మనిషికి ఉన్న భయం ఇప్పుడు ఇద్దరికి అయింది. రెండోవాళ్ళకి దాన్ని మోసుకెళ్ళి ఇచ్చింది నేను. పుస్తకంలో దీని గురించి ఉందా అని గుర్తు చేసుకుంటూ మెట్లు దిగాను. ఉండే ఉంటుంది. గుర్తు రాలేదు.

రక్తం ల్యాబులో ఇచ్చి ఆస్పత్రికి వెళ్ళేసరికి వదిన వరండాలో కూర్చుని ఉంది. కట్టు కట్టారు. మొదటి మాత్ర మింగించారు. కామెర్లలో ఒక రకానికి టీకా ఉంది, దాని మొదటి సూది వేయించుకుని మిగతావి వదినే మానేసిందట. అది మళ్ళీ మొదలుపెట్టారు. అక్కడి డాక్టరు కొత్తగా వచ్చిన యువకుడు, హిందీలో ఓపిగ్గా మాట్లాడాడు. పాప సంగతి వదిన నా చేత అడిగించింది. ఆయన తల ఊపి, ఎత్తుకోవచ్చు, నీళ్ళు పోయొచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు, ఇది ముట్టుకుంటే అంటేది కాదు, దెబ్బ మీద తడవని పట్టీ వేసుకుంటే చాలు అన్నాడు.

ఆయన వెళ్ళాక వదిన నా వైపు తిరిగింది.

"ఆ బాబు హిందీలో సెప్పినాడు. నాకు హిందీ వచ్చునే గాని, నువ్వు సదువుకున్నదానివి. నువ్వు తెలుగులో సెప్పు. ప్రెమాదం ఉన్నాదా లేదా?"

నేను ఏం చెప్పాలి? 'లేదు' అని చెప్పాలి. అడిగింది పాప గురించి. దానికి డాక్టరు చెప్పిన జవాబే జవాబు, నా పుస్తకమూ అదే చెబుతుంది. కానీ నా బుర్రలో అప్పుడు తిరుగుతున్నది పాప కాదు. వదిన వేలు, పగిలిన గొట్టం, దుప్పటి కప్పుకున్న ఆ అబ్బాయి. ఆ విషయంలో ఏ పుస్తకమూ 'లేదు' అనదు. నోటికి వచ్చింది అదే.

"చాలా తక్కువ వదినా."

"తక్కువంటే ఉన్నాదనే కదే."

"అది కాదు, నేను చెప్పేది..."

"ఉన్నాది. సరే. తెలిసింది."

ఆ తరవాత ఎంత విడమరిచినా ఆమె వినలేదు. వినలేదనడం కూడా సరికాదు. అన్నీ విని, మొదటి మాట దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. టోటోలో వదిన వెంట వచ్చిన నిమజ్జనం మూట గుమ్మం పక్కన అలాగే ఉంది. వదిన అందులోంచి ఎర్ర పేలిక తీసింది. నేను ల్యాబులో కట్టిందే, అంచు నేను కుట్టింది. చెయ్యి చాపింది.

"కట్టు."

"ఎందుకు వదినా?"

"నీ రూలే కదా. పాడైనదానికి కడతావు. నువ్వు కట్టినావంటే నువ్వే ఇప్పాల. నువ్వు ఇప్పిన్నాడు పిల్లనెత్తుకుంటాను. అందాకా ముట్టుకోను."

"నీకేం పాడైందని? డాక్టరు చెప్పాడు కదా."

"డాట్రు సెప్పినాడు. నువ్వు తక్కువన్నావు. ఇద్దరూ ఒకటే మాట సెప్పినప్పుడు ఇప్పుదువుగాని. కట్టు మరి."

లోపల పాప ఏడుస్తోంది. కూతురు గుమ్మంలోకి వచ్చి మా ఇద్దర్నీ చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. నేను కట్టాను. కట్టకపోతే ఆమె తనే కట్టుకునేది, అప్పుడు విప్పేవాళ్ళెవరూ ఉండరు అనిపించింది. ఇప్పటికీ అది సరైన ఆలోచనో కాదో తెలియదు.

ఇంటికి వచ్చి నాన్నకి జరిగిందంతా చెప్పాను. ఆయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. కళ్ళు సరిగా ఆనవు గాని వర్క్‌షాపు మాటంటే లేచి కూర్చుంటారు.

"మీ షాపులో పూజ రోజు అన్నిటికీ ఎర్ర గుడ్డలే కదా నాన్నా. జెండా ఏదో, పూజ గుడ్డ ఏదో ఎలా తెలిసేది?"

"పూజనాడు బండి కింద ఎవుడుంటాడే? పన్లేదు, జెండా లేదు."

"మరి కట్టినవాడే విప్పాలన్నావు కదా."

"అవును. కట్టినోడే ఇప్పాల. అది రూలు. కాపోతే ఆడు టీ తాగడానికెల్తే మేస్త్రీ ఇప్పీసేవోడు. కింద వంగి సూసి, ఓరి ఎవుడన్నా ఉన్నార్రా అని కేకేసి, ఇప్పీసేవోడు."

"ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదే?"

"సెప్పడానికేటుంది? కేకెయ్యడం అందరికీ తెలిసిందే కదా."

నేను ఇన్నాళ్ళూ గర్వంగా అందరికీ చెప్పిన రూలు నాన్న షాపులో అలా లేదన్నమాట. లేదా, ఉంది గాని పక్కన కేక కూడా ఉంది. జెండా సగం, కేక సగం. నేను జెండా ఒక్కటే తెచ్చుకున్నాను. అయినా మిషన్‌ని చూసి కేకేస్తే మిషను ఏమని పలుకుతుంది? దాదా ఎవరిని కేకెయ్యాలి? నన్నా? నేను క్వార్టర్లలో ఉన్నాను. ఎర్ర గుడ్డల రూలు లేని రోజుల్లో అయితే దాదా మూత కదిపి చూసి ఉండేవాడు. గుడ్డ లేదు కాబట్టి చూడలేదు. ప్రమాదం రాకుండా పెట్టినదాన్ని నమ్మడం వల్లే ప్రమాదం వచ్చిందా? అలా అయితే అసలు ఏదీ పెట్టకూడదా? ఎంత ఆలోచించినా అటూ ఇటూ తిరిగి మొదటికే వచ్చింది.

తరవాతి రెండు మూడు రోజులు ల్యాబులో అదే మాట నడిచింది. దాదా నాతో, "నువ్వు విప్పావనుకున్నా దీదీ" అన్నాడు. వదిన, "నేను పూజ గుడ్డలే తీసినాను" అంది. నేను, "నా పేలిక కిందే ఉంది కదా" అన్నాను. ముగ్గురి మాటా నిజమే. డాక్టర్‌బాబు ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరిది తప్పని కాదు, ఏది మార్చాలి అని ఆలోచించండి అన్నారు. ఆ మాట నా పుస్తకంలో కూడా ఉంది. అంటే ఆయన కూడా చదివారేమో. అది నాకు తోచనే లేదు.

గుడ్డకి వేరే రంగు పెడదామనుకున్నాం. పసుపైతే బంతిపూలు. తెల్లదైతే దూది. నీలం అని దాదా అన్నాడు, నీలం డాక్టర్‌బాబు చేతిరుమాలు. చివరికి పాడైన మిషను వైరే తీసేసి నా బల్ల సొరుగులో పెట్టాలనుకున్నాం. ఎవరికి కావాలన్నా నన్ను అడగాలి, అదే కేక. మొన్న చూస్తే దాదా దగ్గర అదే రకం వైరు ఇంకొకటి ఉంది. ఎందుకని అడిగితే, "నీ వైరు పోతే పనికొస్తుందని" అన్నాడు.

విద్యార్థి రక్తంలో ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. నేనే వెళ్ళి చెప్పాను. జ్వరం తగ్గింది, ముఖం తేటగా ఉంది. "ఇగ అమ్మకు చెప్పచ్చు," అన్నాడు. ఏం చెబుతాడో, ఇన్నాళ్ళూ ఏం చెప్పలేదో నేను అడగలేదు. ఆ రిపోర్టు చూసి ఆస్పత్రి డాక్టరు వదిన మాత్రలు ఆపించాడు. టీకా మిగతా సూదులు మాత్రం వేయించుకోవాలి, కొన్నాళ్ళ తరవాత జాగ్రత్త కోసం ఆమె రక్తం ఒకసారి చూడాలి అన్నాడు.

వదినకి చెప్పాను.

"కొన్నాళ్ళ తరవాత మళ్ళీ ఎందుకు సూడడం? లేదన్నారు కదా."

"జాగ్రత్త కోసం వదినా."

"అదిగో," అంది, చేతి పేలిక చూపించి.

ఆ రోజు సాయంత్రం వదిన కూతురు మా ఇంటికే వచ్చింది. పాపని ఎత్తుకునే వచ్చింది.

"అత్తా, నీకు దణ్ణం ఎడతాను. అమ్మ పిల్లని ముట్టుకోట్లేదు. దూరం నుంచి సూసి పోతాది. నాకు నీళ్ళు పొయ్యడం సేతకాదు, సబ్బు నీళ్ళు కంట్లో పడి పిల్ల గుక్క పట్టేస్తంది. నువ్వు కట్టిన గుడ్డంట కదా. ఇప్పీరాదూ?"

"నేను విప్పితే మీ అమ్మకి పూర్తిగా ఏం లేదని చెప్పినట్టవుతుందమ్మా. అది చెప్పడానికి నేనెవర్ని?"

"మరి ఎవరివని కట్టినావు?"

తన మాటకి తనే నాలిక కరుచుకుంది. నేను పాపని అందుకున్నాను. మెడ కింద మడతల్లో పాలు ఎండి పొక్కినట్టుంది. సరిగా నీళ్ళు పోసినవాళ్ళెవరూ లేరని తెలుస్తూనే ఉంది. ఆ మడత తుడుస్తుంటే, నేను ఇన్ని రోజులుగా కలిపేసిన రెండు విషయాలు విడివిడిగా కనిపించాయి. వదినకి ఏమైనా వస్తుందా అనేది ఒకటి. దానికి నా దగ్గర 'లేదు' అనే మాట లేదు, 'చాలా తక్కువ' అనే మాటే ఉంది. పాపకి నీళ్ళు పోయొచ్చా అనేది ఇంకొకటి. దానికి మొదటిదాని జవాబుతో పనే లేదు. ఏది ఎలా తేలినా పోయొచ్చు. ఈ రెండిటినీ కలిపెయ్యకూడదని నేనే ఒకప్పుడు యాసిడ్ సీసా చూపించి వదినకి చెప్పాను.

పాపని ఎత్తుకుని వాళ్ళింటికి వెళ్ళాం. వదిన బియ్యం ఏరుతోంది. లేవలేదు.

"చెయ్యి ఇలా ఇయ్యి," అన్నాను.

"తేలిపోనాదా?"

"నీ సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. మళ్ళీ రక్తం చూస్తారు. అది నీకూ నాకూ ఆస్పత్రికీ సంబంధించిన గొడవ. పాప సంగతి మొదటి రోజే తేలింది. పాపకి ప్రమాదం లేదు."

"తక్కువా, లేదా?"

"లేదు."

నా మొహంలోకి చూసింది. నా కళ్ళు పక్కకి పోతాయేమోనని నాకే భయం వేసింది. పోయాయో లేదో తెలియదు.

"మరి ఆ రోజు తక్కువన్నావు."

"ఆ రోజు నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు వదినా. నేను వేరేదాని గురించి ఆలోచిస్తున్నాను."

"ఇంత సదువు సదివి అదేటి?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. నాకూ అదే సందేహం.

ముడి నీళ్ళకి బిగుసుకుపోయింది. గోటితో రాలేదు. పళ్ళతో లాగబోతే వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నోట్లో ఎట్టకే. కత్తెర తే." కూతురు కత్తెర తెచ్చింది. కట్టినవాళ్ళే విప్పాలన్నాను గాని, కత్తిరించవచ్చో లేదో రూలులో పెట్టుకోలేదు. కత్తిరించాను.

వదిన బొటనవేలికి నేను తెచ్చిన పట్టీ అంటించాను. ఆమె పెరట్లో పీట వేసుకుని చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు చాపింది. పాపని బోర్లా పడుకోబెట్టింది. ముందు అరచెయ్యి గాల్లో ఆపి ఒక్క క్షణం చూసుకుంది. తరవాత వీపు మీద ఆనించింది.

"నిలబడిపోనావేటి? నీళ్ళు ముంచి ఇయ్యి. వేడి సూసి తే," అంది నాతో.

నేను మోచెయ్యి ముంచి చూశాను. గోరువెచ్చగానే ఉన్నాయనుకున్నాను. మళ్ళీ ఒకసారి చూశాను. "సరిపోయాయా వదినా, నువ్వు కూడా చూడు," అన్నాను. ఆమె చెంబులో మోచెయ్యి ముంచి, "ఊఁ" అంది. పాప గుక్క పట్టలేదు. తెగిన ఎర్ర పేలిక నా రెండో చేతిలోనే ఉంది. దాన్ని నిమజ్జనం మూటలో వెయ్యాలో, ల్యాబుకి తీసుకెళ్ళాలో తెలియక కొంగున ముడేసుకుని ఇంకో చెంబు ముంచాను.